ఏ ప్రొద్దుటూరికి లింకు?

‘పులివెందుల’ అన్న పేరు కంప్యూటరు లెక్కలో పది సంకేతాల వరుస. యూనికోడ్ పద్ధతిలో హల్లు ఒకటి, దాని మీది గుణింతపు గుర్తు ఒకటి, సున్నా ఒకటి. అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. ఈ పేరును వెబ్ చిరునామాలో పెట్టాలంటే ఒక్కో సంకేతం మూడు బైట్లుగా విడిపోతుంది. ఒక్కో బైటు ముందు శాతం గుర్తు, వెనక రెండు అంకెలో అక్షరాలో చేరతాయి. అలా పది సంకేతాల ఊరిపేరు చిరునామాలోకి వెళ్ళేసరికి 90 అక్షరాల పొడవవుతుంది. జమ్మలమడుగుదీ అదే లెక్క. ప్రొద్దుటూరు రెండు ద్విత్వ, సంయుక్తాక్షరాల బరువుతో 108కి చేరుతుంది. తెలుగు వికీపీడియా పేజీ లింకును ఎవరైనా ఫోనులో పంపితే తెరంతా శాతం గుర్తులతో నిండిపోవడానికి కారణం ఇదే.

ఈ గొలుసును చేత్తో రాసి ఒక మాటకు లింకు పెట్టమంటే ఏ రచయితా పెట్టడు. చిరునామాను కంటికి కనపడనీయకుండా, మాటను ఎంచుకుని గమ్యాన్ని చూపిస్తే లింకు తనంతట తాను పడే ఏర్పాటు కావాలి. విజువల్ ఎడిటర్ అనే పరికరం ఆ అవసరం కోసం పుట్టింది. దాని చరిత్రను మామూలుగా జెనీవా నుంచో కాలిఫోర్నియా నుంచో మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. కడప జిల్లా ఊళ్ళ వైపు నుంచి చదివితే అందులో తక్కువగా చెప్పుకునే భాగం ఒకటి బయటపడుతుంది. చేతికి తగిలే శ్రమ ముప్పై ఏళ్ళలో దాదాపు పోయింది. ఏ పేరుతో ఏ ఊరిని ఉద్దేశించామో తేల్చుకునే శ్రమ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. కొన్ని చోట్ల పెరిగింది కూడా.

ఒక ఊరి వృత్తాంతాన్ని ఇంకో ఊరితో ముడిపెట్టి రాయడం ఈ జిల్లాకు పాత అలవాటు. 1800లో దత్త మండలాలు నిజాం నుంచి కంపెనీ చేతికి వచ్చాక కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా కైఫీయత్తులు, అంటే ఊళ్ళ చరిత్రలు, సేకరించారు. కరణాల దగ్గర ఉన్న దండకవిలెలు, గుళ్ళలోని శాసనాలు, పెద్దలు చెప్పిన మాటలు వాటికి ఆధారం. కైఫీయత్తులో పొరుగూరి ప్రస్తావన వస్తే అది ఫలానా సీమలోదని చెప్పి ముందుకు సాగిపోతారు. గండికోట సీమ అంటే చాలు, ఆ కాలపు పాఠకుడికి దిక్కు తెలుస్తుంది. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్, తర్వాతి కాలంలో ఈ తెలుగు కైఫీయత్తులు శిథిలమైపోతుంటే వాటికి ప్రతులు రాయించాడు. 1915లో బ్రాకెన్‌బరీ సంకలనం చేసిన కడప జిల్లా గెజిటీర్ వచ్చింది. అప్పటికి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూ తాలూకా కేంద్రాలు. అదే ఏడాది ప్రొద్దుటూరు మునిసిపాలిటీ అయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. శాసనసభ నియోజకవర్గాలు అంతకు ముందు నుంచే ఉన్నాయి. ఒకే పేరు మీద ఊరు, పట్టణం, తాలూకా, మండలం, నియోజకవర్గం పొరలు పొరలుగా పేరుకున్నాయన్నమాట.

అచ్చులో ఈ పొరలు ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. ‘పులివెందులలో కరువు’ అని రాస్తే అది పట్టణంలోనా, తాలూకా అంతటానా అని వ్యాసకర్తను ఎవరూ నిలదీయరు. వాక్యానికి ఆ పాటి సందిగ్ధత చెల్లుతుంది. లింకుకు చెల్లదు, దానికి ఒకే ఒక్క గమ్యం ఉండాలి. వెబ్ వచ్చాక తెలుగులో రాసేవారి మీద పడిన కొత్త బాధ్యత ఇదే.

వెబ్‌ను తయారు చేసిన టిమ్ బెర్నర్స్-లీ ఈ పనిని మొదటే సులువు చేసి పెట్టాడన్న సంగతి చాలామందికి తెలియదు. 1990 చివరి నెలల్లో సెర్న్ పరిశోధనాలయంలో నెక్స్ట్ కంప్యూటరు మీద ఆయన రాసిన తొలి బ్రౌజరులో పేజీ చదవడమూ దిద్దడమూ ఒకే కిటికీలో జరిగేవి. లింకు పెట్టాలంటే ముందు చేరవలసిన పేజీకి వెళ్ళి దాన్ని గుర్తు పెట్టుకోవాలి. తర్వాత మన పేజీకి తిరిగి వచ్చి, మాటను ఎంచుకుని, మెనూలో ‘గుర్తు పెట్టినదానికి లింకు’ అన్న ఆదేశం ఇవ్వాలి. చిరునామా టైపు చేసే పనే లేదు. హెచ్‌టీఎంఎల్ సంకేతాలను మనుషులు చేత్తో రాస్తారని ఆయన అనుకోలేదు. అది యంత్రాలు తమలో తాము మాట్లాడుకునే భాష అనే ఆయన ఉద్దేశం.

ఆ పద్ధతి నిలవలేదు. నెక్స్ట్ యంత్రాలు ప్రపంచంలోనే తక్కువ. అన్ని కంప్యూటర్ల మీదా నడవడానికి రాసిన బ్రౌజర్లు చదవడానికి మాత్రమే పనికొచ్చాయి. 1993లో మొజాయిక్ వచ్చి జనం మీద పడినప్పుడు దానిలోనూ దిద్దే వీలు లేదు. రాసేవారు వేరు, చదివేవారు వేరు అన్న విభజన అక్కడ స్థిరపడిపోయింది. తర్వాత ఆ లోటు పూడ్చడానికి ఫ్రంట్‌పేజ్ వచ్చింది, నెట్‌స్కేప్ కంపోజర్ వచ్చింది, 1997 చివర్లో డ్రీమ్‌వీవర్ వచ్చింది. ఇవన్నీ ఇంట్లో కంప్యూటరు, దాని మీద సాఫ్ట్‌వేరు, ఎక్కడో సర్వరు అద్దెకు తీసుకోగలిగిన వాళ్ళ పరికరాలు. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందింది, అదీ ముందు మహానగరాల్లో. సీమలోని పాత తాలూకా కేంద్రాలకు ఆ తరం ఎడిటర్లతో పెద్దగా పరిచయం ఏర్పడకుండానే వాటి కాలం చెల్లింది.

తెలుగుకు ఇంకో అడ్డు ఉండేది. ఆ రోజుల్లో తెలుగు పత్రికల సైట్లు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటుతో నడిచేవి. తెర మీద ‘జమ్మలమడుగు’ కనిపించినా లోపల ఉన్నవి అర్థం లేని రోమను అక్షరాలు. ఒక పత్రికలోని జమ్మలమడుగూ ఇంకో పత్రికలోని జమ్మలమడుగూ యంత్రం దృష్టిలో ఒకటే మాట కావు. పేరును బట్టి గమ్యాన్ని వెతకడం అసాధ్యమైనప్పుడు ఎంత గొప్ప ఎడిటర్ ఉన్నా లింకు చేత్తోనే పెట్టాలి. విండోస్ ఎక్స్‌పీతో పాటు 2001లో గౌతమి ఫాంటు వచ్చాక, యూనికోడ్ తెలుగు ఇళ్ళలోని కంప్యూటర్లలో కనిపించసాగాక, ఈ అడ్డు మెల్లగా తొలగింది. పాత ఫాంటుల పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ను తయారు చేసిన వెన్న నాగార్జునే 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు తొలి అడుగు వేయించారు. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేతి మీదుగా జరగడం కాకతాళీయం అనుకోను. మాటకు స్థిరమైన సంకేతం దొరికితేనే దానికి లింకు దొరుకుతుంది.

వికీ అనే పద్ధతి లింకును మళ్ళీ రాసేవాడి చేతికి తెచ్చింది. 1995లో వార్డ్ కనింగ్‌హామ్ పెట్టిన తొలి వికీలో లింకు పెట్టడానికి ఒక చిట్కా ఉండేది. రెండు ఇంగ్లీషు మాటలను కలిపేసి, ఒక్కోదాని మొదటి అక్షరాన్ని పెద్దబడిలో రాస్తే చాలు, ఆ జంటమాట లింకైపోయేది. ఇంగ్లీషు వికీపీడియా కూడా 2001 జనవరిలో ఆ పద్ధతితోనే మొదలైంది. అదే కొనసాగి ఉంటే తెలుగులో వికీ సాధ్యమయ్యేది కాదు. మన లిపిలో పెద్దబడి, చిన్నబడి లేవు. కొద్ది వారాల్లోనే జంట చదరపు బ్రాకెట్ల పద్ధతి వచ్చి మనల్ని గట్టెక్కించింది. [[ప్రొద్దుటూరు]] అని రాస్తే ఆ పేరుగల పేజీకి లింకు పడుతుంది. పేజీ లేకపోతే లింకు ఎర్రగా కనిపిస్తుంది, నొక్కితే కొత్త పేజీ రాసుకోమంటుంది. ఆ ఎర్ర లింకే తెవికీ అని పిలుచుకునే తెలుగు వికీపీడియాలో ఎన్నో ఊళ్ళ పేజీలకు పుట్టుక.

బ్రాకెట్లు సులువైనవే, టైపు చేసేవాడి కీబోర్డును బట్టి. రోమను అక్షరాల్లో రాసి తెలుగులోకి మార్చుకునే లేఖిని వంటి సాధనాలు వాడేవారికి ఇబ్బంది లేదు. ప్రభుత్వం ప్రమాణంగా నిలిపిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకున్నవారికి ఉంది. ఆ అమరికలో చదరపు బ్రాకెట్ మీట మీదే ‘డ’ అక్షరం ఉంటుంది. ‘జమ్మలమడుగు’లో డకారానికి నొక్కే మీటా, ఆ పేరును లింకు చేయడానికి నొక్కవలసిన మీటా ఒక్కటే. లింకు తెరవడానికి ఒకసారి, మూయడానికి ఒకసారి కీబోర్డును ఇంగ్లీషులోకి మార్చి మళ్ళీ తెలుగులోకి రావాలి. చిన్న సంగతే. పేజీకి ముప్పై లింకులు పెట్టేవారికి మాత్రం ఇది చిన్నది కాదు.

అసలు విశేషం విభక్తుల దగ్గర ఉంది. తెలుగు వాక్యంలో ఊరిపేరు ఒంటరిగా నిలబడదు. పులివెందులలో, పులివెందులకు, పులివెందులనుంచి అని ప్రత్యయాన్ని తగిలించుకునే వస్తుంది. ఇంగ్లీషు వికీలో బ్రాకెట్ బయట ఉన్న బహువచనపు అక్షరం కూడా లింకులో కలిసి కనిపించే ఏర్పాటు ఉండేది. వికీ నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేరులో తెలుగుకు కూడా అదే సౌకర్యం అమర్చారు: బ్రాకెట్లు మూసిన వెంటనే తెలుగు అక్షరాలు వస్తే అవీ లింకులో భాగమవుతాయి. [[పులివెందుల]]లో అని రాస్తే చదివేవాడికి ‘పులివెందులలో’ అన్న మొత్తం మాటా నీలంగా కనిపిస్తుంది. సెట్టింగుల ఫైలులో ఇది ఒకే ఒక్క వరుస. తెలుగు వ్యాకరణాన్ని యంత్రానికి చెప్పిన వరుసల్లో ఇంత తక్కువ మాటల్లో ఇంత పని చేసినది ఇంకోటి ఉందని నేననుకోను.

అయితే అన్ని పేర్లూ అంత నిక్కచ్చిగా ఉండవు. ‘ఊరు’ చివర ఉన్న పేరు షష్ఠిలో ‘ఊరి’ అవుతుంది. ప్రొద్దుటూరి బంగారు అంగళ్ళు అంటాం. మాటల్లో ప్రొద్దుటూర్లో అంటాం. ‘పెన్నేరు’ కాస్తా ‘పెన్నేటి గట్టు’ అయిపోతుంది. ఇలాంటి చోట ప్రత్యయాన్ని బయట తగిలిస్తే కుదరదు. బ్రాకెట్ల లోపల ముందు పేజీ పేరు, తర్వాత ఒక నిలువు గీత, ఆ తర్వాత వాక్యంలో కనిపించవలసిన రూపం రాయాలి. కొత్తగా వచ్చినవారు తడబడింది ఎక్కువగా ఈ నిలువు గీత దగ్గరే. ఇలాంటి తడబాటు అన్ని భాషల్లోనూ ఉందని వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ 2009, 2010 ప్రాంతంలో చేయించిన వినియోగ పరీక్షల్లో తేలింది. ఆ కృషి ఫలితంగా 2010లో వచ్చిన కొత్త ఉపకరణాల పట్టీలో లింకు బొమ్మ నొక్కితే చిన్న పెట్టె తెరుచుకుని, రాస్తున్న పేరుతో పేజీ ఉందో లేదో అక్కడికక్కడే చెప్పేది. మూలపాఠ్యం ఇంకా కనిపిస్తూనే ఉంది, కానీ గమ్యం వెతికే పనిలో యంత్రం చెయ్యి వేసింది.

పూర్తి విజువల్ ఎడిటర్ 2012 డిసెంబరులో ఇంగ్లీషు వికీపీడియాలో ప్రయోగంగా, 2013 జులైలో అందరికీ తెరుచుకుంది. వెనక పార్సాయిడ్ అనే సాఫ్ట్‌వేరు ఉంటుంది. వికీ మూలపాఠ్యాన్ని హెచ్‌టీఎంఎల్‌గా మార్చి తెర మీద పెట్టడం, రచయిత దిద్దినదాన్ని మళ్ళీ వికీ పాఠ్యంగా మార్చి భద్రపరచడం దాని పని. చెప్పినంత తేలిక కాదిది. వెళ్ళి తిరిగి వచ్చే దారిలో ఎవరూ ముట్టని భాగం ఒక్క అక్షరం కూడా చెదరకూడదు. ఆరంభంలో చెదిరింది, ఇంగ్లీషు వికీ సంపాదకులు గట్టిగా ఎదురు తిరిగారు, రెండు నెలలు గడిచాక సెప్టెంబరులో అక్కడ దాన్ని కోరుకున్నవారికే పరిమితం చేశారు. సంయుక్తాక్షరాలున్న లిపులకు ఇది ఇంకా ఆలస్యంగా వచ్చింది. తెలుగు టైపింగు సాధనం ఒక అక్షరాన్ని కూర్చే లోపల ఎడిటరు మధ్యలో దూరి కర్సరును పక్కకు నెట్టేస్తే రాయడమే కుదరదు గనక.

ఈ ఎడిటరులో లింకు పెట్టే తీరు బెర్నర్స్-లీ 1990లో అనుకున్నదానికి దగ్గరగా ఉంటుంది. మాటను ఎంచుకుని గొలుసు బొమ్మను నొక్కాలి, లేదా కంట్రోల్, కె మీటలు కలిపి నొక్కాలి. చిన్న పెట్టె తెరుచుకుంటుంది. ఎంచుకున్న మాటతోనే వెతికి పేజీల జాబితా చూపిస్తుంది. ఒక్కో పేజీ పేరు పక్కన చిన్న బొమ్మా ఒక వాక్యం వివరణా ఉంటాయి. కావలసినదాన్ని నొక్కితే లింకు పడిపోతుంది. వికీ బయటి చిరునామాకైతే పక్కనున్న ఇంకో గడి. లేని పేజీకి కూడా లింకు పెట్టవచ్చు, అది ఎర్రగానే కనిపిస్తుంది. నిలువు గీతను ఎవరూ గుర్తు పెట్టుకోనక్కరలేదు. ‘ప్రొద్దుటూరి’ అన్న మాటను ఎంచుకుని ప్రొద్దుటూరు పేజీని చూపిస్తే మిగతాది యంత్రం చూసుకుంటుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డువారికి డకారపు మీటతో పేచీ తీరింది.

తెలుగు రచయితకు కొత్త చిక్కులు మాత్రం ఇక్కడే మొదలయ్యాయి. మొదటిది వెతుకులాటలో. ‘పులివెందులలో’ అన్న మొత్తం మాటను ఎంచుకుంటే పెట్టె ఆ మాటనే వెతుకుతుంది. అలాంటి పేరుతో పేజీ ఉండదు కనక మొదటి జాబితా పనికిరాదు. రచయిత ‘లో’ను చెరిపి మళ్ళీ వెతకాలి. ఈ విసుగు తప్పించుకోవడానికి చాలామంది ‘పులివెందుల’ వరకే ఎంచుకుని లింకు పెట్టి ప్రత్యయాన్ని బయట వదిలేస్తారు. అప్పుడు రెండో చిక్కు. తెర మీద ‘లో’ నల్లగా ఉంది. మూలపాఠ్యంలో బ్రాకెట్ల పక్కనే ఉంటే పైన చెప్పిన ఆ ఒక్క వరుస దాన్ని లింకులోకి లాగేస్తుంది. తెర మీద కనిపించినదే నిజమని నమ్మే పార్సాయిడ్ ఆ కలయిక జరగకుండా రెంటి మధ్యా ‘నోవికీ’ అనే సంకేతాన్ని తెచ్చి పెడుతుంది. తెలుగుకు మేలు చేయడానికి రాసిన నియమమూ, చూపించినదాన్ని యథాతథంగా కాపాడాలన్న నియమమూ ఒకదానికొకటి అడ్డం వచ్చిన చోటు ఇది. రచయితకు అది కనిపించదు. తర్వాత మూలపాఠ్యం తెరిచి దిద్దేవారికి మాత్రం ప్రతి ఊరిపేరు పక్కనా ఒక నోవికీ పళ్ళ మధ్య ఇరుక్కున్న నారలా తగులుతుంది. పాత అలవాటు కొద్దీ విజువల్ ఎడిటరులో బ్రాకెట్లు టైపు చేసినవారికీ ఆరంభంలో ఇదే నోవికీ ఎదురైంది. తర్వాతి రూపాల్లో బ్రాకెట్లు టైపు చేయగానే లింకు పెట్టె తెరుచుకునేలా మార్చారు.

ఇక జాబితా సంగతి. ‘ప్రొద్దుటూరు’ అని వెతికితే ఊరి పేజీ, మండలం పేజీ, శాసనసభ నియోజకవర్గం పేజీ కనిపిస్తాయి. కృష్ణా జిల్లా కంకిపాడు మండలంలో ఒక ప్రొద్దుటూరు ఉంది. రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలో ఇంకోటి. బ్రాకెట్ల కాలంలో రచయిత పేరు రాసేవాడు, అది పెద్ద ఊరికే చేరేది, తప్పైతే తర్వాత ఎవరో దిద్దేవారు. ఇప్పుడు అయిదారు పేర్లు కళ్ళ ముందు నిలబడి ఎంచుకోమంటాయి. పైన ఉన్నదాన్ని నొక్కడం మనిషి స్వభావం. పైన ఉన్నది సరైనదన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. తెవికీలో మొదట్లో చాలా మండల కేంద్రాలకు ఊరికీ మండలానికీ కలిపి ఒకే పేజీ ఉండేది. వాటిని విడదీశాక, పాత లింకుల్లో ఏవి ఊరిని ఉద్దేశించినవి, ఏవి మండలాన్ని అన్నది వాక్యం చదివి తేల్చవలసి వచ్చింది. అది బాట్లు, అంటే తమంతట తాము దిద్దుబాట్లు చేసే ప్రోగ్రాములు, చేయగలిగిన పని కాదు.

వై.ఎస్. రాజశేఖరరెడ్డి గురించి ఒక వాక్యం తీసుకుందాం: ఆయన 1949లో జమ్మలమడుగులో పుట్టారు, 1978లో పులివెందుల నుంచి తొలిసారి శాసనసభకు గెలిచారు. జమ్మలమడుగు లింకు పట్టణానికి వెళ్ళాలి. పులివెందుల లింకు నియోజకవర్గానికి వెళ్ళాలి. రెండింటినీ పట్టణాలకే ముడిపెడితే వాక్యం తప్పు కాదు, చదివేవాడు చేరేది మాత్రం ఆ ఎన్నికల వివరం లేని చోటికి. పులివెందుల 2022లో రెవెన్యూ డివిజన్ కూడా అయింది కనక జాబితా ఇంకో వరుస పెరిగింది. ఇడుపులపాయ ఇంకా చిత్రం. ఒకరు ఇడుపులపాయలో చదివారంటే 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీ, అంటే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. ఇడుపులపాయలో నివాళి అర్పించారంటే రాజశేఖరరెడ్డి సమాధి. ఊరి పేజీ ఈ రెంటిలో ఏదీ కాదు. పుట్టపర్తి ప్రొద్దుటూరులో ఉండేవారు అని రాస్తే మొదటి మాట కవి పుట్టపర్తి నారాయణాచార్యులకు వెళ్ళాలి. పక్కనే సత్యసాయి ఊరు జాబితాలో కాచుకుని ఉంటుంది. వాక్యం అర్థం తెలిసినవాడు అర సెకనులో తేల్చే విషయాలివి. తెలియనివాడికి ఆ చిన్న బొమ్మా ఒక్క వాక్యం వివరణా తప్ప ఆధారం లేదు. అయినా వాటిని తక్కువ చేయడం న్యాయం కాదు. బ్రాకెట్ల కాలంలో ఆ ఆధారం కూడా లేదు.

పేర్ల రూపాలదీ పెద్ద కథే. రాజశేఖరరెడ్డి పేరును వై.ఎస్. అనీ వై.యస్. అనీ, రాజశేఖర రెడ్డి అనీ రాజశేఖర్‌రెడ్డి అనీ రాస్తారు. చివరి రూపంలో పొల్లుకూ తర్వాతి అక్షరానికీ మధ్య కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు ఉంటుంది, అది లేకపోతే తర్వాతి అక్షరం రకారానికి ఒత్తుగా మారిపోతుంది. ఒకరు ఆ గుర్తుతో రాస్తే, ఇంకొకరు ఖాళీ వదిలి రాస్తే అవి యంత్రానికి రెండు పేర్లు. ఎర్రగుంట్ల మండలంలోని ఊరును కలమళ్ళ అనీ కలమళ్ల అనీ రాస్తారు; ళకార ద్విత్వానికీ లకారపు ఒత్తుకీ యూనికోడ్‌లో వేర్వేరు సంకేతాలు. క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం తెలుగులో తొలి గద్య శాసనంగా దొరికిన చోటు ఇది. తెలుగు రాతకు అంత పాత సాక్ష్యమున్న ఊరి పేరు పధ్నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా ఒకే తీరున రాయడం లేదన్నది చరిత్రకారుడికి ఆశ్చర్యం కాదు గానీ, లింకు పెట్టేవాడికి సమస్యే. దీనికి తెవికీ వాడే మందు దారిమార్పు: రెండో వర్తనితో ఒక ఖాళీ పేజీ సృష్టించి అసలు పేజీకి దారి చూపించడం. విజువల్ ఎడిటరు జాబితాలో ఈ దారిమార్పు పేజీలూ కనిపిస్తాయి. వాటిలో దేన్ని నొక్కినా చదివేవాడు సరైన చోటికే చేరతాడు.

జిల్లా పేరు ఈ పద్ధతి ఓపికను ఇంకా ఎక్కువగా పరీక్షించింది. ఇంగ్లీషులో పాత వర్తని 2005లో మారింది. తెలుగులో అప్పుడు ఏమీ మారలేదు, కడప కడపే. 2010లో జిల్లా వై.ఎస్.ఆర్. జిల్లా అయింది. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26కు పెరిగినప్పుడు రాజంపేట వైపు ప్రాంతం అన్నమయ్య జిల్లాకు వెళ్ళింది. 2025లో పేరు వైఎస్ఆర్ కడప జిల్లాగా మారింది. పేజీ పేరు మార్చినప్పుడల్లా పాత పేరు దారిమార్పుగా మిగులుతుంది. మీడియావికీ ఒక దారిమార్పును మాత్రమే అనుసరిస్తుంది. పాత పేరు మధ్య పేరుకూ, అది కొత్త పేరుకూ దారి చూపిస్తుంటే చదివేవాడు మధ్యలో ఆగిపోతాడు. అందుకే పేరు మారిన ప్రతిసారీ బాట్లు ఈ జంట దారిమార్పులను వెతికి సూటిగా కలుపుతాయి. పేరు మారితే యంత్రం సర్దుకుంటుంది. హద్దు మారితే సర్దుకోలేదు. 2022కు ముందు రాజంపేట గురించి రాసిన వాక్యంలో ‘కడప జిల్లా’ అన్న లింకు 2022 విభజన నాటి జిల్లాకు వెళితే, అక్కడి పటంలో రాజంపేట ఉండదు. దీనికి ఎడిటరులో మీట లేదు.

భాషల మధ్య లింకులది ఇంకో దారి. 2013 వరకు ప్రతి తెలుగు పేజీ అడుగున ఇంగ్లీషు, హిందీ, తమిళ పేజీల లింకులు వరుసగా రాసి ఉండేవి, బాట్లు వాటిని కలుపుతూ తిరిగేవి. ఆ ఏడాది అవన్నీ అన్ని భాషల వికీలకూ ఉమ్మడి సమాచార నిధి అయిన వికీడేటాకు మారాయి. ఎన్నికల కాగితాల్లో ఇంగ్లీషులో ‘పులివెండ్ల’ అని ఉన్నా, పటాల్లో ‘పులివెందుల’ అని ఉన్నా, అక్కడ అది ఒకే అంకె కింద ఉన్న ఒకే వస్తువు. విజువల్ ఎడిటరు జాబితాలో కనిపించే ఆ ఒక్క వాక్యం వివరణ కూడా వికీడేటా నుంచే వస్తుంది. అంటే తెలుగులో ఆ వివరణను ఎవరో ముందే రాసి ఉండాలి. రాయకపోతే రచయితకు మిగిలేది ఉత్త పేరే.

గండికోట జలాశయం మీద మాటతో ఇది ముగిస్తాను. గాలేరు-నగరి పథకంలో భాగమైన ఈ జలాశయం పూర్తి సామర్థ్యం 26.85 టీఎంసీలు. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు కొండాపురం మండలంలోని తాళ్ళప్రొద్దుటూరు ఖాళీ అయింది, ఊరు నీళ్ళలోకి వెళ్ళింది. తెవికీలో గ్రామాల పేజీలు చాలావరకు 2011 జనగణన లెక్కలతో రాసినవి: ఇళ్ళెన్ని, జనమెంత, సమీప పట్టణం ఎంత దూరం, అన్నీ వర్తమాన కాలంలో. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు కనక ఆ వాక్యాల్ని మార్చడానికి కొత్త లెక్కా రాలేదు. ఈ రోజు ఎవరైనా విజువల్ ఎడిటరు తెరిచి తాళ్ళప్రొద్దుటూరు పేరు వెతికి నొక్కితే లింకు నిక్షేపంగా పడుతుంది, నీలంగానే కనిపిస్తుంది. ఆ పేజీలో మునిగిన ఊరు గురించి, ఊరి జనానికి కట్టిన పునరావాస కాలనీ గురించి రెండు వేర్వేరు చోట్లుగా రాయాలా, ఒకే ఊరి కొనసాగింపుగా రాయాలా అన్నది తేల్చవలసింది ఆ ఊరివారు, వారితో మాట్లాడి రాసేవారు. కొండాపురం మండలం పేజీ నుంచి వచ్చే లింకు ఆ రెంటిలో దేనికి చేరాలన్నది దాన్ని బట్టే ఉంటుంది.